అరుదైన జబ్బులు చూసే డాక్టరుకు రోగులు ఎక్కడ దొరుకుతారు?

ప్రశ్న: మా అమ్మాయి ఎండీ జనరల్ మెడిసిన్ చివరి సంవత్సరం చదువుతోంది. ఎండీ తర్వాత చేసే సూపర్‌స్పెషాలిటీ కోర్సు డీఎంలో కార్డియాలజీ తీసుకోమంటే వినడం లేదు. క్యాజువాలిటీకి వచ్చిన ఒక కూలీ మనిషికి అడిసన్ వ్యాధి (అడ్రినల్ గ్రంథులు పనిచేయకపోవడం) అని గుర్తించినప్పటి నుంచి హార్మోన్ల వైద్యమైన ఎండోక్రినాలజీయే చదువుతానని, అడ్రినల్ గ్రంథి జబ్బుల మీదే పనిచేస్తానని అంటోంది. లక్షమందిలో ఏ కొద్దిమందికో వచ్చే జబ్బులు చూసే డాక్టరుకు రోగులు ఎక్కడ దొరుకుతారు? ఏడాది డయాబెటాలజీ ఫెలోషిప్ చేసి హార్మోన్ క్లినిక్ పెట్టుకుంటే చాలు, మూడేళ్లు ఎందుకని మా బంధువు ఒకాయన అంటున్నారు. అమ్మాయికి 28 ఏళ్లు. ఈ దారులను పోల్చి చెప్పగలరు.
- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరాన్ని కుదించి పైన ఇచ్చాను. పూర్తి ఉత్తరంలో సంపాదన ప్రస్తావన ఒక్కసారి వచ్చింది. అమ్మాయి వయసు మాత్రం మూడుచోట్ల వచ్చింది. బ్రాంచి పేరు మార్చి ఇదే ప్రశ్నను చాలామంది తల్లిదండ్రులు నన్ను అడిగారు. తోటివాళ్ల పిల్లలు స్థిరపడుతుంటే మన పిల్ల ఇంకా పుస్తకాలు పట్టుకునే ఉందన్న దిగులే చాలాసార్లు 'రోగులు దొరుకుతారా' అన్న ప్రశ్నగా బయటికి వస్తుంది. ఆ దిగులు సంగతి చివర మాట్లాడుకుందాం.

ముందుగా ఆ కూలీ మనిషి కథ. రెండేళ్లుగా నీరసం, వాంతులు, బరువు తగ్గడం. ఊళ్లో గ్యాస్ మాత్రలు, బలానికి సెలైన్లు. క్యాజువాలిటీకి వచ్చేసరికి బీపీ పడిపోయింది, రక్తంలో సోడియం తగ్గిపోయింది. మీ అమ్మాయి అరచేతి గీతలు నల్లబడటం గమనించి, నోరు తెరిపించి చిగుళ్ల మీద నల్లమచ్చలు చూసి, ఒకప్పుడు టీబీకి మందులు వాడారా అని అడిగిందని మీరే రాశారు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుని ఉండే ఆ రెండు అడ్రినల్ గ్రంథులు దాదాపు పూర్తిగా దెబ్బతినేదాకా జబ్బు స్పష్టంగా బయటపడదు. లండన్‌లో థామస్ అడిసన్ 1855లో వర్ణించిన ఈ వ్యాధికి పాశ్చాత్య దేశాల్లో ఇప్పుడు ప్రధాన కారణం శరీరం తన గ్రంథి మీద తానే దాడి చేయడం కాగా, మన దేశంలో టీబీ నేటికీ ముఖ్య కారణమే. హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షను, సెలైను ఎక్కించాక మర్నాడు ఆ మనిషి లేచి కూర్చుని పప్పన్నం అడిగాడట. ఒక పీజీ విద్యార్థినికి అలాంటి ఉదయం ఎదురయ్యాక ఆ పిల్ల బ్రాంచి మార్చుకోమంటే వినకపోవడంలో వింత ఏముంది?

ఇక రోగుల సంగతి. ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్ల మంది. థైరాయిడ్, పీసీఓఎస్, ఎదుగుదల లోపాలు వీటికి అదనం. ఎండోక్రినాలజిస్టు ఓపీ నిండేది వీళ్లతోనే. అరుదైన జబ్బులు ఈ వరుసలోనే, వేరే పేర్లతో కూర్చుని ఉంటాయి. కీళ్లనొప్పులకని ఆర్‌ఎంపీ ఇచ్చే మాత్రల్లోనో, పేరు లేని పొడుల్లోనో స్టెరాయిడ్ ఉంటుంది. ముఖం గుండ్రమై పొట్ట పెరుగుతుంటే 'ఒళ్లు చేసింది' అని చుట్టాలు మెచ్చుకుంటారు; కాళ్లూ చేతులూ సన్నబడుతున్నాయని ఎవరూ చూడరు. నొప్పి తగ్గిందని ఆ మాత్ర ఒక్కసారిగా ఆపితే, అంతకాలం నిద్రపోయిన అడ్రినల్ గ్రంథి మేలుకోలేక ప్రాణం మీదికి వస్తుంది. బీపీ ఉన్నవారిలో నూటికి 5 నుంచి 10 మందికి మూలం అడ్రినల్‌లో ఎక్కువగా తయారయ్యే, ఉప్పును ఒంట్లో నిలిపి ఉంచే ఆల్డోస్టిరోన్ హార్మోను అని అంచనా; వారిలో చాలామందికి ఆ రక్తపరీక్ష ఎన్నడూ జరగదు. హైదరాబాద్ సహా అయిదు నగరాల్లో ఐసీఎంఆర్ జరిపించిన నవజాత శిశువుల పరీక్షల్లో సుమారు 5,700 మందిలో ఒకరికి పుట్టుకతో వచ్చే అడ్రినల్ లోపం కనిపించింది. మగపిల్లల్లో పుట్టినప్పుడు పైకి తేడా తెలియదు. రెండు మూడు వారాలకు వాంతులు, నీరసం మొదలైతే పాలు పడలేదనుకుంటారు. అందువల్ల రోగులు దొరకరన్న బెంగ మీకు అక్కర్లేదు, వాళ్లకు డాక్టరు దొరకకపోవడమే అసలు సమస్య.

ఆ డాక్టరు ఏడాది కోర్సుతో తయారవుతారా అన్న విషయంలో నా అనుమానాలు దాచుకోదలచుకోలేదు. నగరాల్లో ఇప్పుడు వీధికొక హార్మోన్ క్లినిక్ వెలుస్తోంది. అలసటగా ఉందని వెళ్లినవారికి 'అడ్రినల్ ఫెటీగ్' అని పేరు పెట్టి, లాలాజల పరీక్షల ప్యాకేజీ, నెలకింతని సప్లిమెంట్లు అంటగట్టేవారూ వారిలో ఉన్నారు. 58 అధ్యయనాలను పరిశీలించిన 2016 నాటి సమీక్షలో అలాంటి జబ్బు ఉందనడానికి ఆధారమేదీ దొరకలేదు. అమెరికాలో ఈ తరహా మాత్రలు కొన్నింటిని పరీక్షిస్తే థైరాయిడ్ హార్మోను, స్టెరాయిడ్లు బయటపడ్డాయి. డయాబెటాలజీ ఫెలోషిప్‌ను నేను తీసిపారేయడం లేదు, షుగర్ వైద్యం నేర్చుకోవడానికి అది పనికొస్తుంది. అయితే ఆ సర్టిఫికెట్‌తో ఎండోక్రినాలజిస్టునని బోర్డు పెట్టుకోవడం సరికాదు. ఒక్క ఉదాహరణ చెబుతాను. అడ్రినల్ దెబ్బతిన్నవారికి థైరాయిడ్ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్ కూడా కొంత పెరిగి ఉండవచ్చు. రిపోర్టు చూసి థైరాయిడ్ మాత్ర ఒక్కటే మొదలుపెడితే, శరీరంలో మిగిలి ఉన్న కాస్త కార్టిసాల్ (అడ్రినల్ తయారుచేసే స్టెరాయిడ్ హార్మోను) కూడా వేగంగా ఖర్చయిపోయి మనిషి కుప్పకూలవచ్చు. ముందు స్టెరాయిడ్, తర్వాతే థైరాయిడ్ మాత్ర. మీ బంధువు వృథా అంటున్న మూడేళ్లలో నేర్పేది ఇలాంటి వరుసే.

పరీక్షలు కూడా గడియారంతో ముడిపడినవే. కార్టిసాల్ ఉదయం ఎక్కువ, అర్ధరాత్రికి తక్కువ. వేళ తప్పి తీసిన రక్తం అబద్ధం చెబుతుంది. కార్టిసాల్ ఎక్కువయ్యే కుషింగ్ జబ్బు అనుమానం వస్తే రాత్రి 11 గంటలకు ఒక మిల్లీగ్రాము డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మింగించి, పొద్దున 8 గంటలకు కార్టిసాల్ తగ్గిందో లేదో చూస్తారు. అడ్రినల్‌ను పనిచేయించే ఏసీటీహెచ్ హార్మోను పరీక్ష కోసం తీసిన రక్తాన్ని ఐసులో పెట్టి వెంటనే ల్యాబుకు చేర్చాలి. వార్డు బాయ్ మధ్యలో టీకి ఆగితే రిపోర్టు తప్పవుతుంది, దాన్ని నమ్మిన డాక్టరూ తప్పుతారు. బీపీని విపరీతంగా పెంచే ఫియోక్రోమోసైటోమా అనే అడ్రినల్ గడ్డనైతే, ఆల్ఫా బ్లాకర్లనే మందులతో బీపీని అదుపులోకి తెచ్చిన తర్వాతే కోయాలి.

మీరు అడిగిన పోలికను రెండు మాటల్లో ముగిస్తాను. కార్డియాలజీలో ఆదాయం త్వరగా వస్తుంది. దానితోపాటు అర్ధరాత్రి రెండింటికి క్యాథ్‌ల్యాబ్ (గుండె రక్తనాళాల చికిత్స గది) పిలుపు, పెద్ద ఆసుపత్రిని వదిలి కదల్లేని స్థితి కూడా వస్తాయి. ఎండోక్రినాలజీలో డాక్టరు తన చేత్తో చేసే ప్రొసీజర్లు తక్కువ కాబట్టి సంపాదన నెమ్మదిగా పెరుగుతుంది, కానీ ఒక గది, ఒక బల్లతో జిల్లా కేంద్రంలోనే సొంత ప్రాక్టీసు పెట్టుకోవచ్చు. ఇందులో అమ్మాయి తెలుసుకోవలసిన చేదు నిజం ఒకటుంది. కేవలం అడ్రినల్ జబ్బుల మీద, దాన్ని నడిపించే మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి జబ్బుల మీదే పనిచేయాలంటే సొంత క్లినిక్ చాలదు. గజ్జల దగ్గరి సిర నుంచి గొట్టాన్ని పిట్యూటరీ పక్కదాకా పంపి రక్తం తీయగల రేడియాలజిస్టు, ముక్కు దారిన ఆపరేషన్ చేసే న్యూరోసర్జన్, చేయి తిరిగిన ఎండోక్రైన్ సర్జన్ ఒకే కప్పు కింద కావాలి. అంటే బోధనాసుపత్రి ఉద్యోగం, అక్కడి జీతం. నిమ్స్, ఉస్మానియా, తిరుపతి స్విమ్స్, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీ మనకు దగ్గరివి. వెల్లూరు సీఎంసీ, చండీగఢ్ పీజీఐ, లక్నో ఎస్‌జీపీజీఐ కూడా చూడాలి. కౌన్సెలింగులో సీటు పేరు చూసి సరిపెట్టుకోకుండా, ఏటా ఎన్ని అడ్రినల్ కేసులు ఆపరేషన్‌దాకా వెళ్తున్నాయో అక్కడి సీనియర్ రెసిడెంట్లను అడగమనండి.

ఇప్పుడు 28 ఏళ్ల సంగతి. కోపం తెచ్చుకోకండి, కొంచెం కటువుగానే అంటున్నాను. ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, ఎండీ మూడేళ్లు అని మీకు మొదటి నుంచీ తెలుసు. కొడుకైతే 'ఇంకో మూడేళ్లేగా, చదవనీ' అని ఉండేవారా కాదా, మీరే చెప్పండి. మీరు ముందుకు తోస్తున్న కార్డియాలజీ డీఎం కూడా మూడేళ్లే కదా! మరి వయసు ఎండోక్రినాలజీకి మాత్రమే ఎందుకు అడ్డొచ్చింది? పెళ్లి సంబంధాలు చూడటం మీ హక్కు, బాధ్యత కూడా; దాన్ని బ్రాంచి ఎంపికలో కలిపి ఆమెను ఇరకాటంలో పెట్టకండి. డీఎం సీటు వస్తే నెలనెలా స్టైపెండు వస్తుంది, చేతిలో ఎండీ ఎలాగూ ఉంది, కాబట్టి ఆమె మీకు భారమయ్యే దశ ఎప్పుడో దాటిపోయింది. ముప్పై ఒకటి, ముప్పై రెండేళ్లకు స్పెషలిస్టుగా నిలబడిన అమ్మాయిలను నేను చాలామందినే చూశాను, వాళ్ల ఇళ్లలోనూ ఇదే గొడవ జరిగింది.

డీఎం ప్రవేశపరీక్ష నీట్ ఎస్‌ఎస్ ఐచ్ఛికాలు నింపే లోపు ఒక పని చేయించండి. సెలవు పెట్టి ఒక వారం ఏదైనా బోధనాసుపత్రి ఎండోక్రైన్ ఓపీలో కూర్చోమనండి. రోజంతా ఇన్సులిన్ మోతాదులు సర్దుతూ, జ్వరం వస్తే స్టెరాయిడ్ మాత్ర రెట్టింపు వేసుకోవాలని చదువురాని మనిషికి పదోసారి ఓపికగా చెప్పడం ఆమెకు విసుగనిపించకపోతే, మొదటి ఐచ్ఛికం ఏది రాయాలో ఇక నన్ను అడగనక్కర్లేదు. విసుగనిపిస్తే మీతో ఆ మాట చెప్పగలిగే చనువు ఆమెకు ఇవ్వండి.