పైన వంతెన బాగు చేస్తుంటే కింద పడవలను ఎందుకు ఆపుతారు?

మరమ్మతు జరిగేది పైన కాబట్టి కింద నది మీద రాకపోకలకు అడ్డేమిటన్న సందేహం సహజమే. పరంజా కట్టినప్పుడు వంతెనకూ నీటికీ మధ్య ఎత్తు తగ్గుతుంది, పనిముట్లు జారిపడే ప్రమాదమూ ఉంటుంది. అంతకంటే పెద్ద కారణం, వంతెన నిలుస్తుందో లేదో తెలియకపోవడం.

లండన్‌లో థేమ్స్ నదిపై 1887లో ప్రారంభమైన హ్యామర్‌స్మిత్ వేలాడే వంతెన ఇందుకు మంచి ఉదాహరణ. గొలుసుల బరువును మోసే పోత ఇనుప పీఠాల్లో సన్నని పగుళ్లు బయటపడడంతో 2019 ఏప్రిల్‌లో మోటారు వాహనాలను ఆపారు. 2020 ఆగస్టులో ఎండలు ముదిరి ఆ పగుళ్లు పెరగగా, పాదచారులతో పాటు కింద పడవలను కూడా నిషేధించారు. పోత ఇనుము ఉక్కులా వంగి ముందుగా హెచ్చరించదు, ఒక్కసారిగా పగులుతుంది. అందువల్ల ఆ నిర్ణయం అతిజాగ్రత్త అనిపించుకోదు. పీఠాల ఉష్ణోగ్రతను అదుపులో ఉంచే ఏర్పాటు చేసి, నిరంతర పరిశీలన మొదలుపెట్టిన తరువాత, 2021 జులైలో పాదచారులనూ సైకిళ్లనూ పడవలనూ మళ్లీ అనుమతించారు. ఈలోగా, మామూలుగా ఈ వంతెన కిందుగా సాగే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాల పడవ పందెం ఆ ఏడాది ఈలీ పట్టణం దగ్గరి నదికి తరలిపోయింది. అందుకు కోవిడ్ కూడా ఒక కారణం.

నది మూయడమంటే అడ్డంగా గోడ కట్టడం కాదు. థేమ్స్ నిబంధనల ప్రకారం, మూసిన కమాను మీద పగలు మూడు ఎర్ర బిళ్లలను, రాత్రి మూడు ఎర్ర దీపాలను, మొన కిందికి ఉండే త్రికోణంగా అమరుస్తారు. దారి తెరిచే ఉన్నా ఎత్తు మాత్రమే తగ్గితే, పగటిపూట కమాను మధ్యలో ఒక ఎండుగడ్డి మోపును వేలాడదీయాలి. వింతగా తోచినా, 2023లో లండన్‌లోనే థేమ్స్‌పై ఉన్న మిలీనియం పాదచారుల వంతెన మరమ్మతుల్లో నిజంగానే గడ్డి మోపు వేలాడింది.