ఆర్గాన్ మీద నీ వ్యాసం చదివాక

చిరంజీవికి ఆశీస్సులు.

వ్యాసం అందింది. తప్పు ఒక్కటే దొరికింది, దాని సంగతి చివర్లో చెబుతాను. నా పేచీ వేరే. మొదటి పేరా అంతా "రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు, దేనితోనూ కలవదు" అంటూ సాగింది. ఇన్ని లేవులు విన్నాక, ఇక ఈ వాయువుతో మనకేం పని అనుకుంటాడు చదివేవాడు.

మీ ఊళ్లో స్టీలు రెయిలింగులు చేసే షెడ్డుకి ఓసారి వెళ్లు. ఆర్గాన్ వెల్డింగ్ అని వాళ్లే అంటారు. నడి ఎండాకాలంలో కూడా పని జరిగే చోట ఫ్యాన్ గాలి తగలనివ్వరు, ఎందుకో అడుగు. (మంటని మాత్రం ఉత్త కళ్లతో చూడకు.) టార్చ్ మూతి నుంచి వచ్చే ఆర్గాన్ కరిగిన లోహం మీద పరుచుకుని గాలిని దగ్గరికి రానివ్వదు. ఫ్యాన్ దాన్ని చెదరగొట్టిందా, అతుకు నల్లబడుతుంది, సూదిబెజ్జాలు పడతాయి. లీటరుకు 1.784 గ్రాములని రాసి నువ్వు వదిలేసిన సాంద్రతకి ఇక్కడ పని పడింది. గాలికంటే దాదాపు 1.4 రెట్లు బరువు కనుక కిందికి దిగి కూర్చుంటుంది. బయటి కక్ష్యలో 8 ఎలక్ట్రాన్లూ నిండి ఉన్నాయి కనుక అంత వేడిలోనూ లోహం జోలికి పోదు.

అదే బరువు గోతిలోనో మూసిన ట్యాంకులోనో మనిషి ప్రాణం తీస్తుంది. లీకైన ఆర్గాన్ అడుగున చేరి గాలిని తోసేస్తుంది. ఊపిరాడని బాధ మనకి ముఖ్యంగా తెలిసేది ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నప్పుడు. ఆర్గాన్ పీల్చేవాడు ఆ కార్బన్ డయాక్సైడ్‌ని మామూలుగానే బయటికి వదులుతుంటాడు, అందుకే ఏమీ తెలియకుండానే స్పృహ తప్పుతుంది. దీనిమీద నీ వ్యాసంలో ఒక్క వాక్యం లేదు, మరిగే ఉష్ణోగ్రతలకి మాత్రం పట్టిక ఉంది! ఆర్గాన్‌ది మైనస్ 185.8 డిగ్రీలు, ఆక్సిజన్‌ది మైనస్ 183 అని పక్కపక్కన రాయి చాలు. ద్రవీకరించిన గాలి నుంచి రెంటినీ విడదీయడం ఎంత కష్టమో పాఠకుడే గ్రహిస్తాడు.

చరిత్ర దగ్గర పిసినారితనం వద్దు. గాలి నుంచి తీసిన నైట్రోజన్ లీటరుకు 1.2572 గ్రాములు తూగితే, రసాయనాల నుంచి తీసింది 1.2505 తూగింది. ఇంకొకరైతే తక్కెడని తిట్టి ఊరుకునేవారు. ఆ తూకాలు వేసిన భౌతిక శాస్త్రవేత్త రేలీ 1892లో నేచర్ అనే సైన్సు పత్రికకి ఉత్తరం రాసి, కారణం తెలిస్తే చెప్పమని అందరినీ అడిగాడు. 1894లో రసాయన శాస్త్రవేత్త రామ్సేతో కలిసి ఆ అదనపు బరువు ఒక కొత్త వాయువుదని తేల్చాడు. అంతకు వందేళ్ల పైచిలుకు ముందే, 1785లో, కావెండిష్ అనే శాస్త్రవేత్త గాలిలో విద్యుత్ మెరుపులు పుట్టించి నైట్రోజన్‌ని తొలగిస్తూ పోతే, ఆ నైట్రోజన్‌లో 120వ వంతుకు మించని ఓ బుడగ మిగిలిపోయింది. అది ఆర్గాన్ అని తెలియకపోయినా ఆయన దాన్ని రాసిపెట్టాడు కూడా. నాకైతే నీ వ్యాసం ఆ బుడగతోనే మొదలవ్వాలనిపిస్తుంది.

ఇక తప్పు. "దేనితోనూ కలవదు" అన్నావు. 2000లో హెల్సింకి విశ్వవిద్యాలయంలో ఆర్గాన్, హైడ్రోజన్, ఫ్లోరిన్ కలిసిన అణువుని తయారుచేశారు. విపరీతమైన చలిలో తప్ప నిలవదు, అయినా ఉన్నది ఉన్నట్టే. "మామూలు పరిస్థితుల్లో" అని చేర్చు. పట్టిక తీసేసి మళ్లీ పంపు.