క్రిస్మస్ మా గుమ్మం దాకా నడిచొచ్చే పండుగ

"తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో క్రిస్మస్ ఎలా జరుపుకుంటారు? ఆ పండుగ మీకు అసలు ఏమిటి?" అని అడిగారు. కేకు, చెట్టు, ఎర్ర కోటు తాత గురించి రాయను. మా గుంటూరు జిల్లా పల్లెల్లోకి అవన్నీ చాలా ఆలస్యంగా వచ్చాయి. నాకు తెలిసిన క్రిస్మస్ అంటే గోడల మీద తడి సున్నం వాసన, పొయ్యి మీద బెల్లం పాకం, అర్ధరాత్రి వీధిలో డోలక్ చప్పుడు. ఈ మూడింట్లో ఒక్కటే ఉంచుకోమంటే డోలక్‌నే ఉంచుకుంటాను. కేరల్స్, అంటే క్రిస్మస్ పాటలు పాడే బృందం, ఇంటింటికీ తిరగని క్రిస్మస్ క్రిస్మసే కాదని నా గట్టి నమ్మకం.

మాది లూథరన్ (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) కుటుంబం. 1842లో హయ్యర్ అనే మిషనరీ గుంటూరు వచ్చి పని మొదలుపెట్టాడు. అది మెల్లగా చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. మా నాయనమ్మ పుట్టేనాటికే వాళ్లింట్లో బైబిలు ఉంది. అందుకే ఎవరైనా "అది విదేశీ పండుగ కదా" అంటే నాకు మనసు చివుక్కుమంటుంది. ఈ పండుగ మా పొలాల్లోంచే లేచింది. డిసెంబరు అంటే డెల్టాలో వరి కోతలు, కుప్పనూర్పిళ్ల కాలం. మా పేటలో దాదాపు అందరూ కూలికి వెళ్లేవాళ్లే. ఏడాది మొత్తమ్మీద చేతిలో నాలుగు డబ్బులు, ఇంట్లో కాసిని కొత్త గింజలు కనపడేది ఆ రోజుల్లోనే. అందుకని ఇంటికి సున్నం, పిల్లలకు కొత్త బట్టలు, అరిసెలు, చక్రాలు, గవ్వలు అన్నీ క్రిస్మస్‌కే. ఊళ్లో మిగతావాళ్లు సంక్రాంతికి చేసుకునేవి మేము మూడు వారాల ముందు చేసుకునేవాళ్లం. తెల్లవారుజామున పెద్ద వీధిలో ధనుర్మాసం హరిదాసు చిడతలు, అర్ధరాత్రి మా వీధిలో డోలక్. రెండూ ఒకే మంచులో వినపడేవి.

మా అరిసెలు పెద్ద వీధికి వెళ్లేవి, సంక్రాంతికి అక్కడి నుంచి మాకు వచ్చేవి. కానీ అందరిళ్లకూ వెళ్లేవి కావు. కొన్ని ఇళ్లవాళ్లు మా చేతి వంట ముట్టుకునేవారు కాదు. వాళ్లకు అరటిపళ్ల అత్తం పంపేవాళ్లం, అది మాత్రం తీసుకునేవారు. ఇరుగుపొరుగు సామరస్యం అని అందంగా రాసేటప్పుడు ఈ సంగతి వదిలేస్తుంటారు. నేను వదలను.

డిసెంబరు మొదటి రోజుల్లోనే నక్షత్రం తయారయ్యేది. వెదురు బద్దలు చీల్చి రెండు చుక్కలు కట్టి, మధ్యలో పుల్లలు నిలబెట్టి, మైదా జిగురుతో రంగు కాగితం అంటించేవాళ్లం. లోపల బల్బు. ఇప్పుడు కొనుక్కొస్తున్నారు, దాని గురించి నాకు పెద్ద ఫిర్యాదు లేదు. గుడికి (మా చర్చిని అలాగే అంటాం) సున్నం, గుమ్మానికి అరటి బోదెలు, మామిడి తోరణం, ఇంటి ముందు నక్షత్రం ముగ్గు. 25 పొద్దున్నే ఆడవాళ్లు తెల్ల చీరలు కట్టుకుని గుడికి వెళ్లేవారు. ఇంటికొచ్చాక కోడికూర, వీలైతే మటన్. ఇదంతా మీరు ఊహించుకోగలరు.

కేరల్స్ గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. డిసెంబరు పది దాటాక ఒక రాత్రి మా పేట, ఒక రాత్రి పక్క పల్లె అని వంతుల ప్రకారం తిరిగేవాళ్లు. ముందు ఒకడు పొడుగాటి కర్రకు కట్టిన నక్షత్రం పట్టుకునేవాడు. వాడి వెనక పెట్రోమాక్స్ లైటు, తర్వాత మా సంఘాన్ని నడిపే ఉపదేశి గారు, డోలక్, తాళాలు, కంజీర, చివర్న చెవులకు మఫ్లర్లు చుట్టుకున్న మా పిల్లల గుంపు. ప్రతి గుమ్మం ముందు ఒక పాట, ఒక వాక్యం, ఆ ఇంట్లోవాళ్ల పేర్లు చెప్పి ఒక ప్రార్థన. "వీళ్ల పెద్దమ్మాయికి సంబంధం కుదర్చు తండ్రీ", "వీళ్ల అప్పు తీర్చు ప్రభువా" అని ఉపదేశి గారు అందరి ముందే దేవుడితో చెప్పేవారు. ఎవరింట్లో ఏ కష్టం ఉందో పేటంతటికీ తెలిసేది. తెలిసిందని ఎవరూ సిగ్గుపడేవారు కాదు.

నేను హైస్కూల్లో ఉండగా ఒక నవంబరులో మా తాత పోయాడు. మా పేట కేరల్స్‌కి డోలక్ వాయించేది ఆయనే. ఇంట్లో ఎవరైనా పోతే ఏడాది తిరిగేదాకా పండుగ చేసుకోకూడదన్న పట్టింపు మా వాళ్లలోనూ గట్టిగానే ఉంది. ఏ బైబిల్లోనూ లేదు, కానీ ఉంది. ఆ ఏడు మా ఇంటికి సున్నం వెయ్యలేదు, నక్షత్రం కట్టలేదు, మా అమ్మ బాణలి పొయ్యెక్కించలేదు. పిండివంటలు పక్కిళ్లవాళ్లు తెచ్చి ఇస్తుంటే తీసుకుని లోపల పెట్టేది, అంతే.

కేరల్స్ మా వీధికి వచ్చిన రాత్రి మేమంతా తలుపులేసుకుని పడుకున్నాం. నిద్రపోయామని కాదు. పాట మా పక్కింటి దాకా వచ్చింది, ఆగిపోయింది. మా ఇంటి ముందు అడుగుల చప్పుడు మాత్రం వినపడుతోంది. మా బాధను గౌరవించి చప్పుడు చెయ్యకుండా దాటిపోతున్నారు. మంచి మనసుతోనే చేశారు, నాకు తెలుసు.

మా నాయనమ్మ మంచం మీద నుంచి లేచి గడియ తీసింది. శాలువా కూడా కప్పుకోలేదు. వాకిట్లో నిలబడి, "ఏమయ్యో, మా గుమ్మం దాటి పోతన్నారేంది? ఈ ఏడు మా ఇంటికి పుట్టలేదా యేసయ్య?" అని కేకేసింది.

ఎవరూ మాట్లాడలేదు. ఉపదేశి గారు వెనక్కి వచ్చి, "అది కాదమ్మా, మీరు బాధలో ఉన్నారని..." అని నసిగారు. "బాధలో ఉన్నోళ్ల ఇంటికి రాకపోతే ఇంకెవరింటికొస్తాడయ్యా?" అంది. తర్వాత లోపలికొచ్చి అటక మీద నుంచి డోలక్ దించమంది. నాన్న కదల్లేదు. మా బాబాయి దించి, దుమ్ము తుడిచి, తాళ్లు బిగించాడు. తాత ఎప్పుడూ మొదలుపెట్టే పాత కీర్తనే పాడించింది. బాబాయికి మధ్యలో చెయ్యి ఆగిపోయింది. ఆమె తాళం వేస్తూనే ఉంది, పాట ఆగనివ్వలేదు. ప్రార్థనలో ఉపదేశి గారు తాత పేరు కూడా చెప్పారు. అమ్మ అందరికీ బెల్లం టీ పెట్టింది. ఆ నెల రోజుల్లో మా ఇంట్లో అంతమంది మాట్లాడుకుంటుంటే వినడం అదే మొదటిసారి.

అక్కడితో ఆగలేదు. ఆమె కూడా వాళ్లతో బయల్దేరింది. వీధి చివర ఒక ఇల్లుంది. వాళ్ల కొడుకు చెరువులో పడి పోయాడు. అప్పటి నుంచి కేరల్స్ ఆ ఇంటి ముందు ఆగడం మానేశాయి, వాళ్లూ గుడికి రావడం మానేశారు. నాయనమ్మ వెళ్లి తలుపు కొట్టింది. అబ్బాయి నాన్న బయటికొచ్చి "మాకొద్దమ్మా పాటలు" అన్నాడు. ఆమె వాదించలేదు. "పాటలొద్దులే, కాసేపు కూర్చుంటాం" అని అరుగు మీద కూర్చుంది. డోలక్ కింద పెట్టించింది. లైటు చిన్నది చేసుకుని అందరం అలాగే కూర్చున్నాం. చాలాసేపటికి ఆ పిల్లాడి తల్లి లోపలి నుంచి చెంబుతో మంచినీళ్లు తెచ్చింది. ఇంకా కాసేపటికి, వాడికి నక్షత్రం కర్ర మొయ్యడం ఎంత ఇష్టమో ఆమే చెప్పడం మొదలుపెట్టింది. ఆ కర్ర కోసం నాతో కొట్లాడినవాడు వాడు. తర్వాతి ఏడు నుంచి మా పేటలో కేరల్స్ ఆ ఇంటి నుంచే మొదలయ్యేవి.

క్రిస్మస్ నాకేమిటి అంటే ఇదే నా జవాబు. లూకా సువార్త రెండో అధ్యాయంలో యేసు పుట్టాడన్న కబురు ముందు అందింది రాత్రిపూట పొలాల్లో గొర్రెలు కాసుకునేవాళ్లకు. దేవదూత వాళ్లున్న చోటికే వెళ్లి చెప్పాడు. మా ఉపదేశి గారు పెట్రోమాక్స్ పట్టుకుని చేసిందీ అదే.

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే నాకు కడుపు మండుతుంది. పండుగకు ముందే సెమీ క్రిస్మస్ పేరుతో రోడ్డు మీద స్టేజి, చెవులు పగిలే సౌండ్ బాక్సులు, నాయకుల ఫొటోలతో ఫ్లెక్సీలు. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వస్తాడు, కేకు కోస్తాడు, వెళ్లిపోతాడు. అప్పటిదాకా దేవదూతల రెక్కలు కట్టుకున్న చిన్నపిల్లలు చలిలో తూగుతుంటారు. మంచాన పడ్డ ముసలావిడ ఆ స్టేజి దగ్గరికి ఎలా వస్తుంది? నిన్నగాక మొన్న భర్త పోయినామె వస్తుందా? స్టేజి నడిచి ఎవరింటికీ వెళ్లదు.

ఇంకో గొడవ, ప్రతి డిసెంబరులో యూట్యూబ్‌లో "క్రిస్మస్ చెయ్యకూడదు, బైబిల్లో తేదీ లేదు" అని బోధలు. తేదీ లేదు, నిజమే. నాలుగో శతాబ్దం నాటికే రోమాలో డిసెంబరు 25న జరుపుకున్న దాఖలాలున్నాయి. అయినా మా నాయనమ్మ తలుపు తీసింది తేదీ కోసం కాదు.

నక్షత్రం గురించి ఒక మాట చెప్పకపోతే ఈ జవాబు నిజాయితీగా ఉండదు. మా బంధువుల్లో ఒకాయన నక్షత్రాన్ని వీధి వైపు కాకుండా పెరట్లో కట్టేవాడు, ఎస్సీ సర్టిఫికెట్ పోతుందని భయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో ఎస్సీ హోదా హిందువులకే అన్నారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన దగ్గర క్రైస్తవంలోకి మారిన దళితులను వెనుకబడిన తరగతుల్లో బీసీ-సీ కింద లెక్కేస్తారు. గుడి మారినంత మాత్రాన మా అరిసెలు ముట్టుకోనివాళ్లు ముట్టుకోవడం మొదలుపెట్టారా? లేదు కదా. పిల్లల చదువు కోసం నక్షత్రాన్ని పెరట్లో దాచుకున్న మనిషిని నేనైతే తప్పుపట్టలేను. అలాంటి ఇళ్లలో క్రిస్మస్ ఎలా ఉంటుందో ఎవరూ అడగరు. అందుకే రాస్తున్నాను.

మా ఆవిడ వాళ్లది మెదక్ వైపు. వాళ్లకు క్రిస్మస్ అంటే చీకటితోనే లేచి పెద్ద చర్చికి వెళ్లడం. కరువు రోజుల్లో కూలీలకు పని, తిండి దొరికేలా కట్టించిన ఆ చర్చిని 1924 డిసెంబరు 25నే ప్రతిష్ఠించారు. ఆ రోజు అక్కడికి అన్ని మతాలవాళ్లూ వస్తారు, కొబ్బరికాయతో వచ్చేవాళ్లు కూడా ఉంటారు. ఆ జనాన్ని, ఆ రంగు అద్దాల కిటికీలను చూస్తే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. పెళ్లైన కొత్తలో ఏది గొప్ప క్రిస్మస్ అని మా ఇద్దరికీ వాదన జరిగేది. ఇప్పటికీ నా ఓటు గుమ్మానికే.

ప్రస్తుతం మేముండేది హైదరాబాద్‌లో. అపార్టుమెంట్లలో కేరల్స్ అంటే వాట్సాప్‌లో టైము బుక్ చేసుకోవాలి, గేటు దగ్గర పర్మిషన్, పదింటి తర్వాత పాట ఉండకూడదు. సరే, ఆ ఇబ్బందులు నాకూ అర్థమవుతాయి. కానీ పేరు ఇచ్చినవాళ్ల ఇళ్లకే వెళ్తామంటేనే నేను ఒప్పుకోను. బాధలో ఉన్నవాళ్లు పేరు ఇవ్వరు. అందుకే మా సంఘం కమిటీలో పట్టుబట్టి ఒక లిస్టు రాయించాను: ఆ ఏడు ఎవరైనా పోయిన ఇళ్లు, మంచాన పడ్డవాళ్లున్న ఇళ్లు, ఉద్యోగం పోయిన ఇళ్లు. ముందు అవి, తర్వాతే మిగతావి. వెళ్లేముందు ఫోన్ చేసి అడుగుతాం. పాట వద్దంటే పాడం, కూర్చుని వస్తాం. స్టేజి ఖర్చు తగ్గించమని కూడా అడుగుతున్నాను, ఆ విషయంలో ఇంకా నా మాట సాగలేదు. ఈ డిసెంబరులో మళ్లీ అడుగుతాను.

మీ పక్కింట్లో క్రైస్తవ కుటుంబం ఉండి, ఈ ఏడు వాళ్లింట్లో ఎవరైనా పోయి ఉంటే, "ఈసారి మీకు పండగ లేదు కదా" అని మాత్రం అనకండి. 25న వెళ్లి తలుపు కొట్టండి, హ్యాపీ క్రిస్మస్ చెప్పండి. టీ పెడతారు, వద్దనకుండా కాసేపు కూర్చోండి. పోయినవాళ్ల గురించి వాళ్లు ఏమైనా చెప్తే వినండి.