ఎత్తేసిన పట్టాల మీద రైలు నడపాలనుకునే అబ్బాయికి

చిరంజీవికి,

దీవెనలు. నీ ఉత్తరం, దాంతో పాటు పంపిన రూట్ ఫైలు అందాయి. ఓపెన్ రైల్స్ అనే కంప్యూటర్ రైలాటలో రెండుసార్లు నడిపి చూశాను. కాకినాడ టౌన్‌లో బండెక్కి కోటిపల్లిలో దిగాను. కొబ్బరి తోటలు బావున్నాయి. కాలవల్లో ఆ మట్టి నీళ్ళ రంగు ఎక్కడ పట్టావో గానీ అచ్చం అలాగే ఉంది. కానీ దానికి "పాత కాలపు కోటిపల్లి లైను" అని పేరు పెట్టావు చూడు, నీతో నాకు పేచీ అక్కడే. పాత కాలం అంటే ఏ సంవత్సరం?

నీ బండిని లాగింది డబ్ల్యూపీ రకం ఆవిరి ఇంజను. ఆ గుండ్రటి ముక్కు ఇంజన్లు మన దేశానికి వచ్చిందే 1947లో. కోటిపల్లి లైను వేసింది 1928లో. 1940లో యుద్ధ అవసరాలని చెప్పి పట్టాలు పీక్కుపోయారు. మళ్ళీ అక్కడ రైలు కూత వినబడింది 2004లో. అంటే నీ ఇంజను పుట్టేనాటికి ఆ కట్ట మీద పట్టాలే లేవు. దానికి తోడు స్టేషన్లు 2004 తర్వాత కట్టినవి, స్లీపర్లు కాంక్రీటువి, సిగ్నళ్ళు మాత్రం పాతకాలపు రెక్కలవి. మూడు తరాల సామాన్లు ఒకే గదిలో సర్దినట్టుంది.

కాబట్టి రూట్ కట్టే ఎడిటర్ తెరిచే ముందు ఒక కాగితం మీద తేదీ రాసుకో. సంవత్సరం ఒక్కటే చాలదు, నెల కూడా ఉండాలి. ఇదే లైనుకి నేను కట్టుకున్న రూట్‌కి 1935 జనవరి అని పెట్టుకున్నాను, సంక్రాంతి వెళ్ళిన వారం. మాసూళ్ళు అయిపోయి చేలు బోడిగా ఉంటాయి, కళ్ళాల దగ్గర గడ్డివాములు లేచి ఉంటాయి, కాలవలు నిండా పారుతుంటాయి. అదే మే నెల అని రాసుకుంటే కాలవలు కట్టేసే రోజులు, నీ అందమైన నీళ్ళన్నీ తీసెయ్యాల్సిందే. తేదీ ఒకటి ఖాయమైతే సగం తగాదాలు అదే తీరుస్తుంది. ఈ ఇంజను ఉంచాలా, ఈ స్తంభం ఉండొచ్చా, ఈ ఇంటి మీద పెంకా తాటాకా అని ప్రతిసారీ నన్నడగక్కర్లేదు.

ఇప్పుడు మ్యాపు సంగతి. నువ్వు ఒకే మ్యాపు వాడావు. అమెరికా సైన్యం 1950ల్లో వేసిన యు502 షీట్లలోది. టెక్సస్ విశ్వవిద్యాలయం లైబ్రరీ వాళ్ళు స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు, మంచిదే. కానీ దాని స్కేలు 1:2,50,000. కాగితం మీద ఒక మిల్లీమీటరు అంటే నేల మీద పావు కిలోమీటరు. ఊళ్ళ వరస తెలుసుకోడానికీ, లైను ఏ ఊరికి ఏ పక్కనుంచి పోయిందో పోల్చుకోడానికీ పనికొస్తుంది. దాని మీద పట్టాలు పరిస్తే రామచంద్రపురం స్టేషను ఎవరి పెరట్లోనో తేలుతుంది. నీకు తేలింది కూడా.

సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ మైలుకి అంగుళం షీట్లు వెతుక్కో. కాకినాడ 65 ఎల్/1లో ఉంటుంది, కోటిపల్లి దాని కింద షీటు 65 ఎల్/2లో. షీటు దొరగ్గానే లైను వైపు చూడకు, అంచుల్లో ఉన్న చిన్నక్షరాలు చదువు. సర్వే ఎప్పుడు చేశారు, దిద్దుబాట్లు ఎప్పుడు వేశారు, అచ్చు ఎప్పుడైంది, మళ్ళీ అచ్చు ఎప్పుడైంది అన్నవి వేరువేరు తేదీలు. మన లైను బతికింది పన్నెండేళ్ళే. 1925 సర్వేతో 1938లో అచ్చయిన షీటు ఉందనుకో, అందులో రైలు లైను మాత్రం కొత్తగా గీసి, ఊళ్ళూ డొంకలూ పదమూడేళ్ళ కిందటివి ఉంచేసి ఉండొచ్చు. అలాగే 1945లో అచ్చయిన దాంట్లో లైను కనబడిందని అప్పటికి పట్టాలున్నాయనుకోకు. ఎవరూ వెళ్ళి చూసి ఉండరు, పాత అచ్చు పలకే మళ్ళీ గుద్దేసి ఉంటారు.

నా మొదటి భాగోతం చెబుతాను, నవ్వుకో. నేను ముందు మొదలెట్టింది సామర్లకోట–కాకినాడ బ్రాంచి. పంతొమ్మిదో శతాబ్దం నాటి షీటొకటి సంపాదించి, నాలుగు మూలల్లో అచ్చేసిన అక్షాంశ రేఖాంశాలే క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో కొట్టి, పారదర్శకంగా చేసి శాటిలైట్ బొమ్మ మీద పరిచాను. కాకినాడ స్టేషను సముద్రంలో పడింది! ఆ రాత్రంతా స్కాన్‌ని తిట్టుకున్నాను. తప్పు స్కాన్‌ది కాదు. అప్పటి మన మ్యాపుల రేఖాంశాలకి మద్రాసు అబ్జర్వేటరీ ఆధారం. ఆ అబ్జర్వేటరీ రేఖాంశమే లెక్కలో రెండున్నర నిమిషాల మేర తూర్పుకి జరిగి ఉంది. టెలిగ్రాఫు సాయంతో కొలిచాక గానీ అది సరిపడలేదు. మన అక్షాంశం దగ్గర రెండున్నర నిమిషాలంటే నాలుగు కిలోమీటర్ల పైమాటే. తర్వాతి కాలపు షీట్లలో ఆ తేడా ఉండదు గానీ, భూమి ఆకారానికి వాటిది ఎవరెస్ట్ 1830 గోళం అనే పాత లెక్క, నీ జీపీఎస్‌ది వేరే లెక్క. దాంతో ఇంకో రెండు వందల మీటర్లు జరుగుతుంది. మూలల అంకెల్ని నమ్మొద్దని ఇంత చెబుతున్నాను.

నేల మీద అప్పుడూ ఇప్పుడూ కదలకుండా ఉన్నవాటిని పట్టుకుని మ్యాపుని వాటికి కట్టెయ్యాలి. గోదావరి జిల్లాల్లో అందుకు లాకుల్ని మించినవి లేవు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. ఆ తర్వాత తవ్విన కాలవల మీది లాకులు చాలావరకు ఉన్నచోటే ఉన్నాయి. మ్యాపులో స్పష్టంగా కనబడతాయి, శాటిలైట్‌లోనూ కనబడతాయి. ద్రాక్షారామం భీమేశ్వరాలయం ఇంకో గట్టి మేకు. వెయ్యేళ్ళ నుంచి అక్కడే ఉంది, నీ కోసం జరగదు. రోడ్డు కూడళ్ళు అంత మంచివి కావు, వెడల్పు చేసేటప్పుడు వంకర తీసేస్తుంటారు. గోదావరి గట్టునీ లంకల్నీ మాత్రం ముట్టుకోకు. వరదకో లంక కోసుకుపోతుంది, ఇంకోటి లేస్తుంది. కోటిపల్లి రేవు దగ్గర ఒడ్డు మీద గుర్తు పెట్టుకున్నావని నీ ఫైలు చూస్తేనే తెలిసిపోయింది. ముక్తేశ్వరం పోయే పంటు పడవ ఇసక మీద ఆగి ఉంది.

పన్నెండు, పదిహేను గుర్తులు పెట్టు. ముందు మ్యాపు మొత్తాన్నీ ఒకేలా జరిపి, తిప్పి, సాగదీసే మామూలు ఫస్ట్ ఆర్డర్ పాలినామియల్ పద్ధతితోనే చూడు. ఏ గుర్తు దగ్గర ఎన్ని మీటర్ల తేడా వస్తోందో పట్టిక చూపిస్తుంది. ఒక్క లాకు దగ్గరే మూడొందల మీటర్లొస్తే, నువ్వు పక్క లాకు మీద నొక్కావన్నమాట. కుర్రాళ్ళంతా థిన్ ప్లేట్ స్ప్లైన్ అనే పద్ధతి మీద మోజు పడతారు, తేడాలన్నీ సున్నా చూపిస్తుంది కాబట్టి. అది మ్యాపుని రబ్బరు గుడ్డలా లాగి ప్రతి గుర్తునీ దాని చోట కూర్చోబెడుతుంది, తప్పు గుర్తుతో సహా. తప్పులన్నీ ఏరేశాక వాడుకో, అంతకు ముందొద్దు.

ఇంత చేసినా అంగుళం షీటు నీకిచ్చేది దారి మాత్రమే. దాని మీద అర మిల్లీమీటరు గీతంటే నేల మీద ముప్పై రెండు మీటర్లు. ఒక చిన్న స్టేషను యార్డు మొత్తం ఆ సిరా గీత కింద దాక్కుంటుంది. ప్లాట్‌ఫారం ఏ పక్క, బండి పక్కకి తప్పుకునే లూప్ లైను ఎంత పొడవు, గూడ్స్ సైడింగ్ ఉందా లేదా అన్నవి అది చెప్పలేదు.

చెప్పేది గ్రామ పటం. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, అందుకే నీకు ముందే చెబుతున్నాను. మద్రాసు ప్రెసిడెన్సీలో ఊరూరికీ సర్వే నంబర్లతో పెద్ద స్కేలు పటాలు తయారు చేశారు. మైలుకి 16 అంగుళాల పటమైతే అంగుళానికి 330 అడుగులు. అందులో రైల్వే భూమికి వేరే నంబరు పడి, పోరంబోకుగా, చేల మధ్య సన్నటి రిబ్బనులా సాగుతుంది. పట్టాలు పీకేసినా ఆ రిబ్బను పటంలోంచి పోదు. దాని వెంట వేలు పెట్టి జరుపుకుంటూ పో. ఒకచోట కప్పని మింగిన పాములా ఉబ్బుతుంది, అదే నీ స్టేషను. ఉబ్బు పొడవు ఆరంగుళాలుంటే దాదాపు 2,000 అడుగులు, లూప్ లైనుకి చోటుందనుకోవచ్చు. రెండంగుళాలే ఉంటే అది బండి ఒక నిమిషం ఆగి పోయే హాల్ట్. ఉబ్బు ఏ పక్కకి ఎక్కువుందో చూస్తే స్టేషను గది ఏ పక్కనుందో కూడా ఊహించొచ్చు. ఊరి డొంక ఎక్కడ తగులుతుందో అక్కడ గేటు.

ఆ పటాల కోసం ఒక ఆఫీసు చుట్టూ నెలన్నర తిరిగాను. బీరువా తాళం ఉన్నాయన సెలవులో ఉన్నాడన్నారు. ఆయనొచ్చాక పటం చెద తిన్నదన్నారు. చివరికి ఒక ఊళ్ళో రైతు ఇంట్లో ఆయన తాతగారి నాటి నకలు దొరికింది, బట్ట మీద అంటించి ట్రంకు పెట్టెలో దాచుకున్నది. ఫోటో తీసుకుంటానంటే ముందు అనుమానంగా చూశాడు. భూమి గొడవ కాదు బాబూ, రైలాట కోసం అంటే ఇంకా అనుమానంగా చూశాడు. నువ్వు వెళితే మాత్రం మొదట కాఫీ తాగి, తర్వాత పటం మాటెత్తు.

ఎత్తుల విషయం త్వరగా చెప్పేస్తాను. నీ రైలు కరప దాటాక ఒంటె మీద ఎక్కినట్టు ఊగింది. డెల్టాలో గుట్టలెక్కడివి? నువ్వు వాడిన ఎస్ఆర్‌టీఎమ్ ఎత్తులు 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక మీది రాడారుతో కొలిచినవి. ఆ రాడారుకి నేల ఎంత తెలుసో కొబ్బరి మట్టలూ అంతే తెలుసు. తోట వచ్చినచోటల్లా నేల లేచినట్టు చూపిస్తుంది. నువ్వు దాని మీద పట్టాలు పరిచి, పాత కాలపు బండిని ఇప్పటి కొబ్బరిచెట్ల మీదుగా ఎక్కించి దించావు. అంగుళం షీటు మీద అడుగుల్లో రాసిన ఎత్తుల చుక్కలుంటాయి. వాటినే పట్టుకుని మధ్యలో నేలని చదును చేసెయ్. కట్ట లేవాల్సింది కాలవ వంతెనల దగ్గర. అప్పట్లో కాలవల్లో సరుకు పడవలు తిరిగేవి, గర్డరు కింద నుంచి పడవ పోవాలి కదా.

నువ్వు ఉత్తరం చివర్లో సిగ్గుపడుతూ అడిగిన ప్రశ్న నిజానికి అన్నిటికంటే మంచిది. "45 కిలోమీటర్ల లైను నాకు 40 దగ్గరే ఎందుకైపోతోంది?" తప్పు నీది కాదు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ పాత రైలాట ఎమ్ఎస్‌టీఎస్ భూగోళాన్ని గూడ్ హోమోలోసైన్ అనే పద్ధతిలో బల్లపరుపు చేసింది, ఓపెన్ రైల్స్ కూడా దాన్నే మోస్తోంది. అందులో ఉత్తరార్ధగోళపు మన భాగానికి నడిరేఖ 30 డిగ్రీల తూర్పు. అక్కడ బొమ్మ నిటారుగా ఉంటుంది, దూరం వెళ్ళేకొద్దీ పక్కకి వాలుతుంది. మన 82 డిగ్రీల దగ్గర బాగానే వాలింది. ఈశాన్యం నుంచి నైరుతికి పోయే లైను కురచవుతుంది, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పోయేది సాగుతుంది. కోటిపల్లి లైను సరిగ్గా మొదటి రకం.

నేనేం చేశానంటే, రేఖాంశాలన్నిట్లోంచి 52 తీసేశాను. లైను మొత్తం ఒకే ఎత్తుల ఫైల్లో ఉంది, ఎన్16ఈ082. దాని పేరుని ఎన్16ఈ030 అని మార్చాను. లైను గుర్తులు దాచుకున్న కేఎమ్ఎల్ ఫైల్లోనూ అంతే తీసేసి, టీఎస్ఆర్ఈ అనే రూట్ ఎడిటర్‌లోకి మార్కర్లుగా తెచ్చుకున్నాను. మైళ్ళు సరిపోయాయి. ఆటలోని భూగోళంలో మన ద్రాక్షారామం ఇప్పుడు సూడాన్ ఎడారిలో ఉంది, బండిలో కూర్చున్నవాడికి ఆ సంగతి తెలీదు. నష్టం ఒకటుంది. రేపు ఎవరైనా సామర్లకోట మెయిన్ లైనుని అసలు చోట కడితే నీది దానికి అతకదు. నీకు మైళ్ళు ముఖ్యమో అతుకు ముఖ్యమో నువ్వే తేల్చుకో.

రూట్‌తో పంపే రీడ్‌మీ, అంటే వివరాల ఫైలు గురించి ఒక మాట. నువ్వు నాలుగు లైన్లు రాసి, అందులో మూడు కృతజ్ఞతలకే ఖర్చుపెట్టావు. ఏ షీటు, దాని సర్వే ఏ ఏడాదిది, ఏ స్టేషను పటం చూసి కట్టావు, ఏది ఊహించి కట్టావు అన్నవి ఊరి వరసలో రాయి. నా రూట్‌లో రెండు స్టేషన్ల గదులు పూర్తిగా ఊహ, అదే కాలపు చిన్న స్టేషన్ల పోలికలో కట్టినవి. ఆ మాట రీడ్‌మీలో రాసే ఉంచాను. రాసినందుకే ఒకాయన తన పెద్దనాన్న చెప్పిన ఆనవాళ్ళు పంపాడు, ఒక గదిని లైనుకి అవతలి పక్కకి మార్చాను.

నా దగ్గరున్న 65 ఎల్/1 స్కాన్ దీంతో పంపుతున్నాను. కుడి పక్క మడత దగ్గర చిరుగుంది, అక్కడ గుర్తులు పెట్టకు. ముందు రామచంద్రపురం నుంచి ద్రాక్షారామం దాకా ఆ ఒక్క ముక్కే మళ్ళీ కట్టు, చెట్లు పెట్టకుండా, ఉత్త కట్టా పట్టాలే. ఇంజను గదిలోంచి చూస్తే గుడి గోపురం ఏ చెయ్యి పక్కన కనబడుతోందో చూసి రాయి. మ్యాపు ప్రకారం నేనొక పక్క అనుకుంటున్నాను, అదేదో ఇప్పుడే చెప్పను.

ఇట్లు,
నీ బాబాయ్