స్నేహితురాలిని ఇరానీ హోటల్‌కు పిలవొచ్చా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. ఊళ్లో టీచర్‌ని. హనుమకొండలో డిగ్రీ చదివేటప్పుడు నాతో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు ఇప్పుడు డాలస్‌లో ఉంటోంది. నాలుగేళ్ల కింద వచ్చినప్పుడు హైదరాబాద్‌లో ఒక మాల్‌లోని కాఫీ షాప్‌లో కలిశాం. పాటల హోరులో ఒకరి మాట ఒకరికి వినపడలేదు. రెండు కాఫీలు, ఒక కేకు ముక్కకు బిల్లు తొమ్మిది వందలు దాటింది. నేను పర్సు తీసేలోపే తను కార్డు ఇచ్చేసింది. ఇంటికొచ్చేదాకా మనసు చివుక్కుమంటూనే ఉంది. వచ్చే నెల మళ్లీ వస్తోంది. "ఈసారి ఎక్కడో నువ్వే చెప్పవే" అంది. అప్పటి నుంచి టెన్షన్. ఇరానీ హోటల్‌కు పిలుద్దామని ఉంది కానీ, తక్కువ చేశాననుకుంటుందేమో! ఆడవాళ్లం ఇద్దరమే వెళ్లి కూర్చోవచ్చా?
— ఒక పాఠకురాలు, మహబూబాబాద్ జిల్లా

జవాబు: తప్పకుండా పిలవండి. తను "నువ్వే చెప్పవే" అన్నదంటే, పోయినసారి ఆ హోరులో మాటలు సాగలేదని తనకూ అనిపించి ఉంటుంది. ఏ హోటలైనా, పిలిచింది మీరు కాబట్టి బిల్లు మీదే. ఆ మాట ఫోన్‌లోనే చెప్పేయండి. కౌంటర్ దగ్గర పెనుగులాట ఉండదు.

ఇక ఆడవాళ్ల సంగతి. 1993లో నేనూ నా స్నేహితురాలూ ఆబిడ్స్‌లో టైపు నేర్చుకునేవాళ్లం. క్లాసు అయ్యాక దగ్గర్లోని ఇరానీ హోటల్‌కు వెళ్తే, మమ్మల్ని చూడగానే లోపల ఫ్యామిలీ రూంలోకి పంపేవారు. చెక్క గది, ముందు ఒక పరదా. మొదటి రోజు గుండె దడదడలాడింది. ఆ తర్వాత ఆ పరదా వెనకే మా పెళ్లి చూపుల ముచ్చట్లు, ఉద్యోగాల దిగుళ్లు అన్నీ నడిచాయి. డబ్బులు ఉండేవి కావు, అందుకని 'వన్ బై టూ' చెప్పేవాళ్లం. ఒక నిండు కప్పు, ఒక ఖాళీ కప్పు వచ్చేవి. తను చాయ్‌ని రెండు కప్పుల్లోకీ ఒంపి, సాసర్‌లో ఒలికిన నాలుగు చుక్కలు తను తాగేసి, కాస్త ఎక్కువున్న కప్పు నా వైపు జరిపేది. ముప్పై ఏళ్లు దాటినా ఆ సాసర్ అంచున ఉన్న పెచ్చుతో సహా గుర్తుంది. ఇప్పుడు పరదాలు చాలాచోట్ల పోయాయి. ఆడపిల్లలు హాల్లోనే కూర్చుని హాయిగా చాయ్ తాగుతున్నారు. మీకు ఆ జంకు అక్కర్లేదు.

ఎక్కడికి వెళ్లాలంటారా? చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్ పేరు మీరు వినే ఉంటారు. చాయ్ బాగుంటుంది, కప్పు పట్టుకుని తలెత్తితే ఎదురుగా చార్మినార్. కానీ సాయంత్రం పూట అక్కడ నిలబడటానికే చోటు దొరకదు. మీ ఇద్దరికీ ముప్పై ఏళ్ల మాటలున్నాయి, నిలబడి చెప్పుకునేవి కావు. ఫొటో కావాలంటే పొద్దున్నే వెళ్లి ఒక చాయ్ తాగి రండి.

నా ఓటు రెడ్‌హిల్స్‌లోని పాత నీలోఫర్ కేఫ్‌కు. సికింద్రాబాద్‌లో రైలు దిగితే, ఈస్ట్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, లక్డీకాపూల్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి దగ్గరే. ఆదివారం మాత్రం వద్దు. మామూలు రోజున, పొద్దుటి టిఫిన్ల రద్దీ తగ్గాక, పదకొండు ప్రాంతంలో వెళ్లండి. గోడ పక్క బల్ల చూసుకోండి. ఏసీ ఉన్న కొత్త బ్రాంచీలూ ఉన్నాయి, వాటిలో రేట్లు వేరు. రెడ్‌హిల్స్‌లో మరీ రద్దీగా ఉంటే పట్టుబట్టకండి. పేరు లేని చిన్న ఇరానీ హోటలైనా, ఫ్యాన్ కింద రెండు కుర్చీలు దొరికితే చాలు.

వెళ్లగానే అన్నీ ఒకేసారి చెప్పకండి. ముందు రెండు చాయ్‌లు, ఒక ప్లేటు ఉస్మానియా బిస్కెట్లు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద వచ్చిన బిస్కెట్ అది. తీపితో పాటు సన్నగా ఉప్పు తగులుతుంది. చాయ్‌లో ముంచి రెండు అంకెలు లెక్కపెట్టేలోపు తీసేయాలి, ఆలస్యమైతే సగం విరిగి కప్పు అడుక్కి పోతుంది. పాలు ఎక్కువ కావాలంటే 'పౌనా' అని చెప్పండి. అది అయ్యాక బన్ మస్కా, అంటే వెన్న రాసిన బన్ను, ఆ తర్వాత ఇంకో చాయ్. బల్ల మీద ఏదో ఒకటి ఉన్నంతసేపు లేవమనే మాట రాదు, మీకూ మొహమాటం ఉండదు.

డాలస్‌లో ఈ రుచి ఎలా వస్తుందని తను అడగొచ్చు. చాలామంది పాలూ, నీళ్లూ, పొడీ కలిపి మరిగించేస్తారు, అక్కడే తేడా వస్తుంది. ఇరానీ చాయ్‌కి డికాషన్ వేరు, పాలు వేరు. నీళ్లలో పొడి, చక్కెర వేసి, మూత గట్టిగా పెట్టి, సన్న సెగ మీద ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఉంచాలి. హోటళ్లలో ఆవిరి పోకుండా మూత చుట్టూ గుడ్డ కట్టడమో, పిండి పూయడమో చేస్తారు. పక్క పొయ్యి మీద చిక్కటి పాలు సగానికి దగ్గరపడేదాకా కాగాలి. కప్పులో ముందు డికాషన్, పైన పాలు. అల్లం, మసాలా ఏమీ వద్దు.

తక్కువ చేశాననుకుంటుందేమో అన్నారు. హనుమకొండ గదిలో మీరిద్దరూ దేంట్లో చాయ్ కాచుకునేవారో, ఎవరు గిన్నె కడిగేవారో అడగండి తనని. ఇద్దరూ ఒకేసారి 'నేనే' అంటారని నా నమ్మకం. కలిసొచ్చాక నాకు ఒక ఉత్తరం రాయండి. ఏ బల్ల దగ్గర కూర్చున్నారో కూడా రాయండి.