నూబియా మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. వాక్యం బాగా నడుస్తోంది, దాని గురించి టెన్షన్ పెట్టుకోకు. చిక్కు వేరే చోట ఉంది. ఈజిప్టు దక్షిణపు కొస నుంచి సూడాన్‌లోకి సాగే నూబియా మీద వ్యాసం అని పేరు పెట్టి అబూ సింబెల్‌తో మొదలుపెట్టావు, రెండో రామ్సెస్ విగ్రహాలు ఎంత ఎత్తో చెప్పావు, అస్వాన్ హై డ్యామ్ నీళ్లలో మునక్కుండా యునెస్కో ఆ గుడిని కోసి పైకెత్తిన కథ రెండు పేజీలు నడిపావు, చివర్లో ఒక్క పేరాలో "నూబియన్ల ఘన వారసత్వం" అని ముగించేశావు. ఇంతకీ నూబియన్లేరీ? అబూ సింబెల్ ఉన్నది నూబియా నేల మీదే, కాదనను. కట్టించింది మాత్రం ఉత్తరం నుంచి వచ్చి ఆ నేలని ఏలిన ఈజిప్టు రాజు. లోపలికి వెళ్లే దారిలో ఆ పెద్ద విగ్రహాల పీఠాల మీద ఓ పక్కన ఖైదీలు వరసగా చెక్కి ఉంటారు, చేతులు వెనక్కి విరిచి, మెడలకి తాళ్లు కట్టి. వాళ్లు నూబియన్లు. నీ వ్యాసంలో గెలిచినవాడి గుడి ఓడినవాళ్ల ఖాతాలో జమైపోయింది.

కాబట్టి నువ్వు నిలబడ్డ చోటు మార్చు. ఇప్పుడు కైరోలో నిలబడి దక్షిణం వైపు చూస్తూ రాస్తున్నావు. నూబియా పాత రాజధాని కెర్మాలో నిలబడి ఉత్తరం వైపు చూస్తూ రాయి. సగం వ్యాసం దానంతటదే మారిపోతుంది.

భూగోళం మీద ఎక్కువసేపు ఆగకు. అస్వాన్ నుంచి నైలు పాయలు రెండూ కలిసే ఖార్టూమ్ దాకా ఉన్న నేల, మధ్యలో నది రాళ్ల గుండా విరుచుకుపడి పారే చోట్లు ఆరు, అక్కడ పడవలు సాఫీగా సాగవు, దండెత్తి వచ్చేవాడికి అదే తలనొప్పి. అంతే, ఇది చెప్పి ముందుకెళ్లిపో.

కెర్మా దగ్గర మాత్రం ఆగాలి. ఆ ఆరు చోట్లలో మూడోదాని దగ్గర, దాదాపు క్రీ.పూ. 2500 నుంచి 1500 దాకా బతికిన రాజధాని అది. పచ్చి ఇటుకలతో కట్టిన డెఫుఫా అనే గుడి ఈనాటికీ దాదాపు 18 మీటర్ల ఎత్తున నిలబడి ఉంది. దాన్ని నువ్వు "అద్భుత కట్టడం" అన్నావు, ఆ మాటతో నాకేమీ కనబడలేదు. నేనైతే అక్కడి కప్పు చూపిస్తాను. సారె లేకుండా చేత్తోనే చేసింది, గోడ కోడిగుడ్డు పెంకంత పల్చన, కింద నిగనిగలాడే ఎరుపు, పై అంచు నలుపు, రెండింటికీ మధ్యలో బూడిద, ఊదా కలిసిన ఒక పట్టీ. అలాంటి కప్పు చేయగలిగిన ఊరు ఎలాంటిదో పాఠకుడు ఊహించుకుంటాడు, నువ్వు విశేషణాలు పోగెయ్యక్కర్లేదు.

ఆ ఊరినే జార్జ్ రైస్నర్ అనే అమెరికన్ 1913-16 మధ్య తవ్వాడు. పనిమంతుడే, రికార్డులు పకడ్బందీగా రాసుకున్నాడు. రాజుల సమాధి దిబ్బల్లో ఒకదాంట్లో హెప్‌జెఫా అనే ఈజిప్టు అధికారి విగ్రహం ముక్క దొరికింది, ఆయన భార్య సెన్నువీది చక్కటి రాతి విగ్రహమూ దొరికింది. దాంతో రైస్నర్, ఇక్కడ ఏలింది ఈజిప్టు పంపిన గవర్నరు, ఇది ఆయన సమాధి అని తేల్చేశాడు. నల్లవాళ్లకి సొంతంగా ఇంత రాజ్యం ఉంటుందన్న ఆలోచనకి ఆయన బుర్రలో చోటు లేదు. ఆ తర్వాత స్విట్జర్లాండ్‌కి చెందిన షార్ల్ బొన్నె దశాబ్దాల తరబడి అక్కడే తవ్వి, అది కుష్ అనే నూబియా రాజ్యపు ప్రజల సొంత నగరమని గోడ గోడనీ చూపించాడు. 2003లో ఈజిప్టులోనే, ఎల్-కాబ్ దగ్గర ఒక సమాధిలో శాసనం బయటపడింది, కుష్ సైన్యం మిత్రులను వెంటేసుకుని ఉత్తరానికి దండెత్తి వచ్చిందని అందులో ఉంది. అంటే ఆ విగ్రహాలు గవర్నరు వెంట తెచ్చుకున్నవి కావు, కొల్లగొట్టి తెచ్చినవి కావచ్చు. కథ అడ్డం తిరిగింది చూడు. నువ్వు ఈ భాగాన్ని "తొలినాళ్ల అపోహలు తొలగిపోయాయి" అని ఒక్క వాక్యంతో దాటేశావు. అలా దాటేయకు. అదే విగ్రహం, అదే సమాధి, చూసేవాడు మారితే అర్థం ఎలా తిరగబడిందో మెల్లగా నడిపించు.

ఇక కుష్ రాజు పియె. నీ వాక్యం: "పియె మహారాజు ఈజిప్టును జయించి 25వ రాజవంశానికి పునాది వేశాడు." పరీక్షలో రెండు మార్కుల జవాబు ఇది, ఏమనుకోకు. ఆయన క్రీ.పూ. 728 ప్రాంతంలో సైన్యంతో ఉత్తరానికి వెళ్లాడు, ఆ విజయగాథని రాతి మీద చెక్కించి నూబియాలోని జెబెల్ బర్కల్ గుళ్లో పెట్టించాడు, అది 1862లో దొరికింది, ఇప్పుడు కైరోలో ఉంది. అందులో ఏముందో అనువాదమన్నా తెరిచి చదివావా? హెర్మోపోలిస్‌ని ముట్టడిస్తాడు, అక్కడి రాజు నిమ్లోట్ లొంగిపోతాడు. పియె కోటలోకి వెళ్తాడు, గదులు చూస్తాడు, ఖజానా చూస్తాడు, అంతఃపురం ఆడవాళ్లు ఎదురొచ్చి దండాలు పెడతారు, వాళ్ల వంక తిరిగి కూడా చూడడు. నేరుగా గుర్రపుశాలకి వెళ్తాడు. ముట్టడిలో మేత లేక గుర్రాలు చిక్కిపోయి ఉంటాయి. అప్పుడు మండిపడతాడు. నువ్వు చేసిన తప్పులన్నీ ఒక ఎత్తు, ఈ గుర్రాల కడుపు మాడ్చడం ఒక ఎత్తు అన్న ధోరణిలో నిమ్లోట్‌ని దులిపేస్తాడు. ఎల్-కుర్రులో ఆయన పిరమిడ్‌కి దగ్గర్లోనే రాజుల గుర్రాలకి వేరే శ్మశానం ఉంది, నిలబెట్టే పూడ్చారు వాటిని.

అదే శాసనం చివర్లో ఇంకో ముక్క ఉంది, నాకు చాలా ఇష్టం. లొంగిపోయిన రాజులు నలుగురు దర్శనానికి వస్తారు. ముగ్గురిని గడప తొక్కనివ్వరు, వాళ్లు సున్తీ లేనివాళ్లు, చేపలు తినేవాళ్లు కాబట్టి. నిమ్లోట్ చేపలు తినడు, అతన్నొక్కణ్ణే లోపలికి రానిచ్చారు. అమున్ దేవుడి పూజ దక్షిణానికి వచ్చింది ఈజిప్టు నుంచే, కానీ ఆ మడి విషయంలో ఈజిప్టు వాళ్లనే గడప బయట నిలబెట్టాడు కుష్ రాజు. "సాంస్కృతిక ఆదానప్రదానాలు" అని నువ్వు ఉపశీర్షిక పెట్టిన చోట ఈ చేపల సంగతి పెడితే చాలు, ఆ పేరా మొత్తం కొట్టేయొచ్చు.

తహర్కా, అస్సీరియన్లు, మెంఫిస్ పతనం, థీబ్స్ కొల్ల, వీటిని గబగబా దాటించు. రాజుల పేర్ల జాబితా ఎవరూ చదవరు.

కుష్ తర్వాతి రాజధాని మెరొయె దగ్గర మళ్లీ నెమ్మదించు. రోమన్లతో యుద్ధం అన్నావు, కందాకే అనే బిరుదున్న రాణుల వీరత్వం అన్నావు, సరే. 1910లో జాన్ గార్స్టాంగ్ అక్కడ ఒక గుడి మెట్ల కింద కంచు తల ఒకటి తవ్వి తీశాడు. అగస్టస్ చక్రవర్తిది. ఈజిప్టు సరిహద్దు మీద పడి ఎత్తుకొచ్చిన విగ్రహాల్లోది, తల మటుకు తెగ్గొట్టి, గుడికి వచ్చే ప్రతివాడూ తొక్కుకుంటూ వెళ్లేలా మెట్ల కింద పాతారు. తమాషా ఏంటంటే, అలా పాతిపెట్టడం వల్లే ఆ తల చెక్కుచెదరలేదు, పొదిగిన కళ్లు కూడా అలాగే ఉన్నాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దీని తర్వాత "రోమ్‌ను ఎదిరించిన ధీరవనిత" లాంటి మాట నీకు అవసరమా చెప్పు.

యూట్యూబ్ వీడియోల జోలికి మాత్రం పోకు. పిరమిడ్లు మొదట నూబియాలోనే పుట్టాయని రాశావు. తప్పు. ఈజిప్టు రాజులు పిరమిడ్లు మానేసిన సుమారు ఎనిమిది శతాబ్దాలకి నూబియా రాజులు వాటిని మొదలుపెట్టారు, చిన్నవిగా, నిటారుగా కట్టారు, సంఖ్యలో ఈజిప్టుని మించిపోయారు, సూడాన్‌లో 200 పైనే ఉన్నాయి. ఉన్న నిజమే ఇంత బాగుంటే గోరంతని కొండంత చేయడమెందుకు? మెరొయె పిరమిడ్ల మొనలు చాలావాటికి ఎందుకు లేవో కూడా చెప్పు. 1834లో ఫెర్లీని అనే ఇటలీ డాక్టరు నిధి కోసం పడగొట్టుకుంటూ పోయాడు, అమానిషఖెతో రాణి నగలు దొరికాయి, ఇప్పుడు బెర్లిన్, మ్యూనిక్‌లలో ఉన్నాయి. మెరొయె లిపి గురించి "ఇంకా ఛేదించలేదు" అన్నావు, అదీ సరికాదు. గ్రిఫిత్ అనే బ్రిటిష్ పండితుడు 1911 నాటికే అక్షరాల ఉచ్చారణ పట్టుకున్నాడు. చదవగలం, చదివినదాంట్లో చాలా భాగం అర్థం చేసుకోలేం.

ఇప్పుడు నువ్వు ఎక్కువ ఇష్టపడి రాసిన భాగానికి వస్తాను. 1960 మార్చిలో యునెస్కో పిలుపు, 1964-68 మధ్య అబూ సింబెల్‌ని ముక్కలుగా కోసి 65 మీటర్ల పైకి చేర్చడం, ఫిలే గుడి అగిల్కియా దీవికి మారడం, అమాదా గుడిని పట్టాల మీద జరపడం, సాయం చేసినందుకు ఈజిప్టు ఇచ్చేసిన గుళ్లు, దెందూర్ న్యూయార్క్‌కి, దెబోద్ మాడ్రిడ్‌కి. ఇవన్నీ ఉంచు, తగ్గించి ఉంచు. దాని పక్కనే ఇంకో లెక్క రావాలి. అదే డ్యామ్ కోసం ఈజిప్టు వైపు దాదాపు 50 వేల మంది నూబియన్లను 1963-64లో కోమ్ ఒంబో ప్రాంతానికి తరలించారు, సూడాన్ వైపు వాదీ హల్ఫా చుట్టుపక్కల నుంచి ఇంచుమించు అంతమందిని ఎక్కడో దూరంగా ఖష్మ్ ఎల్-గిర్బాకి పంపారు. అదీ మొదటిసారి కాదు, 1902లో అస్వాన్ పాత ఆనకట్ట కట్టినప్పుడు, 1912లో, 1933లో దాన్ని పెంచినప్పుడు కూడా ఊళ్లు మునిగాయి. గుళ్లని రాయి రాయికీ నంబరు వేసి తీసుకెళ్లారు. గుమ్మాల చుట్టూ మట్టిగోడల్లో పింగాణీ పళ్లేలు పొదిగి అలంకరించుకునే నూబియా ఇళ్లకి ఎవరూ నంబర్లు వేయలేదు.

నాగార్జునకొండ గురించి నువ్వు రాయాలనుకున్న పోలిక రాయి, తప్పేం లేదు. 1954-60 తవ్వకాలూ నూబియా తవ్వకాలూ ఇంచుమించు ఒకే కాలం, పైగా మన పురావస్తు శాఖ తరఫున బి.బి. లాల్ బృందం 1962 ప్రాంతంలో నూబియా వెళ్లి అఫియే దగ్గర తవ్వింది కూడా. కాకపోతే నాలుగు వాక్యాలు దాటనివ్వకు. దాటితే నూబియా మళ్లీ అడుగున పడిపోయి మన గోడు పైకొస్తుంది.

నూబియాలోని ఫరస్ చర్చి కుడ్యచిత్రాలను పూర్తిగా వదిలేశావు, ఆ పేరా కలుపు. క్రైస్తవ నూబియా దాదాపు వెయ్యేళ్ల చరిత్ర, అది లేకుండా మెరొయెతో కథ ఆపేస్తే ఎలా? పోలెండ్ వాళ్లు 1961-64లో, నీళ్లు రాకముందే, ఇసుకలో పూడిన చర్చిలోంచి 120కి పైగా చిత్రాలు ఒలిచి తీశారు. పెదవుల మీద వేలు పెట్టుకున్న సెయింట్ ఆన్ బొమ్మ వార్సాలో ఉంది. మిగతా భాగం ఖార్టూమ్ మ్యూజియంకి వెళ్లింది, 2023 ఏప్రిల్లో మొదలైన యుద్ధంలో ఆ మ్యూజియంని దోచుకున్నారు. నీ చివరి వాక్యం "ఈ సంపద నేడు భద్రంగా ఉంది" అని ఉంది కదా, దాన్ని ముందు కొట్టేయి.

ఇంకొక్కటి. వ్యాసం పొడుగునా "నూబియన్లు ఉండేవారు, పూజించేవారు, మాట్లాడేవారు" అన్నావు. నోబియిన్, కెంజీ, దొంగొలావీ అనే నూబియా భాషలు మాట్లాడేవాళ్లు ఇప్పటికీ అస్వాన్‌లో, కైరోలో, ఖార్టూమ్‌లో ఉన్నారు, ఊళ్లకి తిరిగి వెళ్లే హక్కు కోసం ఇప్పటికీ అడుగుతున్నారు. క్రియలు సరిచేసి పంపు. వచ్చే వారం మాఇంట్లో పెళ్లి ఉంది, ఆదివారం లోపు పంపితేనే చూడగలను. ఫోటోలు ఎవరివో అనుమతి కనుక్కో, అది మాత్రం మర్చిపోకు.

అక్క