ఐదు వేల లోపు దొంగతనమైతే కేసు ఉండదా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది వరంగల్ బట్టల బజార్ దగ్గర చీరలు, రెడీమేడ్ బట్టల షాపు. నాలుగు నెలల్లో మూడుసార్లు సరుకు పోయింది. మూడుసార్లూ కెమెరాలో కనిపించింది అదే ఇద్దరు ఆడవాళ్లు. బయట బండి మీద ఒకతను కాచుకుని ఉంటాడు. మొదటిసారి 6,200 రూపాయల సరుకు, రెండోసారి 7,000, ఈసారి 3,800. ముందు రెండుసార్లు పోనీలే అని ఊరుకున్నాం. ఈసారి స్టేషన్‌కు వెళ్తే ‘ఐదు వేల లోపైతే కొత్త చట్టంలో కేసు కాదు, మళ్లీ వస్తే ఫోన్ చేయండి’ అని పంపేశారు. కాగితం కూడా తీసుకోలేదు. వాళ్ల ఫొటోలతో ఫ్లెక్సీ కట్టమని మా వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో అంటున్నారు. ఈసారి దొరికితే స్తంభానికి కట్టేస్తామని షాపు పిల్లలు అంటున్నారు. మా వైపు రోడ్డు వెడల్పు చేసి తోపుడు బండ్లు తీసేశాక, రాత్రి ఎనిమిది దాటితే గల్లీలో మనిషి కనిపించడు. లైట్లు కూడా సరిగా వెలగవు. మేమేం చేయాలి? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ముందు ఒక పని చేయండి. మూడు దొంగతనాలకు మూడు వేర్వేరు ఫిర్యాదులు రాయండి. ఆలస్యమైందని మొదటి రెండూ వదిలేయొద్దు. ఆలస్యానికి కారణం ఒక్క వాక్యంలో ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, బజారులో ‘పాత దొంగ’ అనే మాటకు, కోర్టులో ‘పాత దొంగ’ అనే మాటకు చాలా తేడా ఉంది. మీకు ఆ ముఖాలు గుర్తున్నాయి. పక్క షాపు ఆయనకూ గుర్తున్నాయి. కోర్టుకు మాత్రం కాగితం మీద ఉన్నదే తెలుస్తుంది. రెండోసారి దొంగతనానికి ఏడాదికి తగ్గకుండా ఐదేళ్ల దాకా కఠిన జైలు శిక్ష, జరిమానా అని చట్టం చెప్తోంది. కానీ అక్కడ రెండోసారి అంటే రెండోసారి నేరం రుజువు కావడం. పోనీలే అని మనం వదిలేసినవి ఆ లెక్కలోకి రావు. పది షాపుల వాళ్లు పదిసార్లు వదిలేస్తే, పదకొండోసారి పట్టుబడ్డ మనిషి కోర్టులో మొదటిసారి తప్పు చేసినట్టే నిలబడుతుంది.

ఇక ఈ ఐదు వేల మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. అందులో 303వ సెక్షన్ మామూలు దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పెట్టింది. అదే సెక్షన్ చివర ఒక వెసులుబాటు ఉంది. పోయిన సొత్తు విలువ 5,000 రూపాయల కంటే తక్కువ ఉండాలి, శిక్ష పడటం అదే మొదటిసారి కావాలి, సొత్తునో దాని విలువనో తిరిగి ఇచ్చేయాలి. ఈ మూడూ ఉంటే జైలుకు బదులు సమాజ సేవ శిక్షగా వేస్తారు. ఈ రకాన్ని, కేసు ఎలా నడవాలో చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత మొదటి షెడ్యూల్‌లో నాన్ కాగ్నిజబుల్‌గా చూపించారు. అంటే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. స్టేషన్‌లో మీకు చెప్పిన మాటకు మూలం ఇదే. అది అబద్ధం కాదు గానీ, సగం మాత్రమే.

మిగతా సగం మీకు అనుకూలంగా ఉంది. మొదటి రెండు దొంగతనాలూ ఐదు వేలు దాటినవే, వాటికి ఈ వెసులుబాటు వర్తించదు. మూడోదాని సంగతి చూద్దాం. ఆ మనుషులెవరో ఇంకా తెలియదు, ఇంతకుముందు శిక్ష పడిందో లేదో తెలియదు, సరుకు తిరిగి రాలేదు. ఇవేవీ తేలకుండానే వెసులుబాటు ఇచ్చేయడం ఏ లెక్కన కుదురుతుంది? అంతకంటే ముఖ్యమైనది న్యాయ సంహిత 305వ సెక్షన్. మనుషులు నివసించే ఇల్లే కాదు, సొత్తు భద్రపరిచే ఏ కట్టడంలో దొంగతనం జరిగినా ఏడేళ్ల దాకా జైలు, జరిమానా అని ఆ సెక్షన్ చెప్తుంది. పాత ఐపీసీలో ఇదే 380. సరుకు నిండిన మీ షాపు సొత్తు భద్రపరిచే కట్టడం కాకపోతే ఇంకేమవుతుంది? ఈ సెక్షన్‌లో ఐదు వేల ప్రస్తావనే లేదు. ఇది కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ కూడా. కాబట్టి ఫిర్యాదులో ‘దొంగతనం జరిగింది’ అని ఊరుకోకుండా, ‘సరుకు నిల్వ ఉంచే మా షాపు లోపల, ఫలానా ర్యాక్ నుంచి’ అని రాయండి.

న్యాయ సంహితలోనే 112వ సెక్షన్ కూడా ఉంది. ముఠాగా ఏర్పడి చేసే చిన్న నేరాల కోసం దీన్ని కొత్తగా పెట్టారు. షాప్‌లిఫ్టింగ్‌ను పేరు పెట్టి మరీ ఇందులో చేర్చారు. శిక్ష ఏడాదికి తగ్గకుండా ఏడేళ్ల దాకా. మీరు చెప్పిన తీరు చూస్తే, ఇద్దరు లోపల, ఒకతను బయట బండి మీద, మూడుసార్లూ అదే పద్ధతి, ఇది ఆలోచించాల్సిన సెక్షనే. అయితే ‘పెద్ద గ్యాంగ్’ అని మీరు మీ తరఫున కలిపి రాయొద్దు. కెమెరాలో కనిపించింది మాత్రమే రాయండి. ఏ సెక్షన్ పెట్టాలో పోలీసులు, తర్వాత కోర్టు తేలుస్తాయి.

ఎఫ్‌ఐఆర్ సంగతికొస్తే, కాగ్నిజబుల్ నేరం జరిగిందని సమాచారం ఇస్తే కేసు నమోదు చేసి తీరాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లోనే చెప్పింది. నాగరిక్ సురక్షా సంహితలో అది 173వ సెక్షన్. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పంపినా చెల్లుతుంది, మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో మాత్రం, డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకునే వీలు పోలీసులకు ఉంది. ఒకవేళ అది నిజంగానే నాన్ కాగ్నిజబుల్ అనుకున్నా, 174వ సెక్షన్ ప్రకారం మీ సమాచారాన్ని పుస్తకంలో రాసుకుని మిమ్మల్ని మేజిస్ట్రేట్ దగ్గరకు పంపాలి. ఏమీ రాసుకోకుండా ‘వెళ్లిరండి’ అనే పద్ధతి ఏ సెక్షన్‌లోనూ లేదు.

మళ్లీ తీసుకోకపోతే అదే ఫిర్యాదును వరంగల్ పోలీస్ కమిషనర్‌కు స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. అక్కడా కదలిక లేకపోతే, ఆ రసీదు, ప్రమాణపత్రం జతచేసి 175వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ కోర్టులో దరఖాస్తు వేయొచ్చు. ఆ రసీదు లేకుండా నేరుగా కోర్టుకు వస్తే పిటిషన్ నిలబడటం కష్టం. అంత దూరం రాకముందే చాలావరకు పని అవుతుంది. స్టేషన్‌కు ఒక్కరే వెళ్లకుండా, ఆ ముగ్గురి వల్లే సరుకు పోయిన ఇతర షాపుల వాళ్లను కూడా ఎవరి ఫిర్యాదు వాళ్ల చేతికిచ్చి తీసుకెళ్లండి.

కేసు నమోదు చేయించడం ఎంత ముఖ్యమో, దాన్ని నిలబెట్టడం అంతకంటే ముఖ్యం. నేను చూసిన ఒక కేసు చెప్తాను. పోలీసులు నాలుగు చీరలు స్వాధీనం చేసుకుని కోర్టులో పెట్టారు. లక్క సీలు వేసిన సంచి విప్పి టేబుల్ మీద పరిచారు. షాపు యజమాని బోనెక్కాడు. అవతలి లాయర్ ఒక్కటే అడిగాడు: ‘ఇలాంటి చీరలు ఈ ఊళ్లో ఎన్ని షాపుల్లో దొరుకుతాయి? ఇవి మీవేనని ఎలా చెప్తున్నారు?’ ఆ పెద్దాయన చీర అంచు పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ‘చూస్తే తెలియదా సార్, మా సరుకే’ అన్నాడు. స్టిక్కర్లు ఎప్పుడో చింపేశారు. స్టాక్ రిజిస్టర్ తేలేదు, కొన్న బిల్లు తేలేదు. ఆయన చెప్పింది నిజమేనని ఆ హాల్లో అందరికీ తెలుసు. అయినా కేసు కొట్టేశారు. ఆ రోజు ఆయన ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

అందుకని చీర మడత లోపల పెట్టే అట్టముక్క మీద మీ షాపు కోడ్, వరుస నంబరు రాయించండి. పైనుండే స్టిక్కర్ చింపేస్తారు, లోపలి అట్ట సంగతి చాలామంది పట్టించుకోరు. పోయిన ప్రతి పీసుకూ కొన్న బిల్లు, స్టాక్ రిజిస్టర్‌లో ఆ పేజీ జిరాక్స్ తీసి ఫిర్యాదుకు జతచేయండి. విలువ కూడా ఆ బిల్లు మీదే తేలుతుంది. ఐదు వేలకు పైనా లోపా అన్న తగాదా వచ్చినప్పుడు నోటిమాట పనికిరాదు.

కెమెరా రికార్డింగ్ విషయంలో ఒక్క రోజు కూడా ఆలస్యం చేయొద్దు. చాలా షాపుల్లో పదిహేను రోజులకో నెలకో పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోతుంది. మానిటర్ ముందు ఫోన్ పట్టుకుని తీసిన వీడియో పోలీసులు ముఖాలు గుర్తుపట్టడానికి పనికొస్తుంది గానీ, కోర్టులో బలమైన సాక్ష్యం కాదు. అసలు ఫైల్‌ను డీవీఆర్ (కెమెరా రికార్డింగ్ పెట్టె) నుంచే పెన్‌డ్రైవ్‌లోకి తీయించండి. దానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఒక భాగం మీద కెమెరా బాధ్యత చూసుకునే మీరు సంతకం చేస్తారు, రెండో భాగం మీద నిపుణుడు చేస్తాడు. ఫైల్ తర్వాత మారలేదని చూపే హ్యాష్ నంబరు కూడా అందులో ఉంటుంది. మొదటి రెండుసార్ల రికార్డింగ్ చెరిగిపోయి ఉంటే హార్డ్‌డిస్క్‌ను ఫార్మాట్ చేయకండి, తీసి పక్కన పెట్టండి. ల్యాబ్‌లో కొంతైనా బయటకు తీసే అవకాశం ఉంటుంది.

స్తంభానికి కట్టేసే ఆలోచన వద్దే వద్దు. మీ పిల్లల కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆ పని చేసిన మరుక్షణం కేసు తిరగబడుతుంది. అక్రమ నిర్బంధం, కొట్టడం, ఆడమనిషి మీద చేయి వేయడం, ఇవన్నీ మీ పిల్లల మీద పడతాయి. అలాంటి ఎఫ్‌ఐఆర్‌లో పేరున్న ఇరవై ఏళ్ల కుర్రాడు ఉద్యోగానికో పాస్‌పోర్టుకో వెళ్లినప్పుడల్లా టెన్షన్ పడుతూనే ఉంటాడు. చట్టం మీకు ఇచ్చిన అధికారం నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్‌లో ఉంది. మీ కళ్ల ముందు కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ నేరం చేసిన మనిషిని మీరు ఆపి ఉంచవచ్చు. ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితుల్లోనూ ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. ‘మీ కళ్ల ముందు’ అన్న మాట గుర్తుంచుకోండి. కెమెరాలో నిన్న చూసిన మనిషి ఈ రోజు ఊరికే షాపులోకి వస్తే పట్టుకునే హక్కు మీకు లేదు. అప్పుడు డయల్ 100కు ఫోన్ చేయండి. నిజంగానే చీర సంచిలో పెట్టుకుంటూ దొరికితే కుర్చీ వేసి కూర్చోబెట్టండి, మంచినీళ్లు ఇవ్వండి, మీ షాపులో పనిచేసే అమ్మాయిలను పక్కన ఉంచండి. ఒళ్లు తడమడం, సంచి లాక్కోవడం చేయొద్దు, ఆ పని మహిళా కానిస్టేబుల్ చూసుకుంటుంది. ‘పది రెట్లు కట్టు, లేకపోతే వీడియో పెడతా’ అని బేరం కూడా పెట్టకండి. అది బలవంతపు వసూలు నేరం కిందికి వస్తుంది.

ఫ్లెక్సీ కూడా వద్దు. నేరం ఇంకా రుజువు కాలేదు కాబట్టి పరువునష్టం దావాకు మీరే అవకాశం ఇచ్చినట్టవుతుంది. ముఖం పోలిక తప్పితే ఇంకెవరో ఇంటి ఆడపిల్ల వీధినపడుతుంది. వాళ్లలో పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల ఎవరైనా ఉంటే, ఫొటో బయటపెట్టినందుకు బాల నేరస్తుల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద మీకే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా పడొచ్చు. క్లిప్ పోలీసులకు ఇవ్వండి, అంతవరకే. మీ గ్రూపులో ఇంకో సంగతి జరుగుతుంటుందని నాకు తెలుసు: ‘ఫలానా కులం వాళ్లు, ఫలానా తండా వాళ్లు వస్తే జాగ్రత్త’ అనే మెసేజ్‌లు. కొన్ని జాతులను పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన బ్రిటిష్ కాలపు చట్టాన్ని 1952లోనే రద్దు చేశాం. ఆ ముద్రను మన ఫోన్లలో మళ్లీ బతికించొద్దు. కులం చూసి షాపులోకి రానివ్వకపోవడం రాజ్యాంగం 15వ అధికరణకు విరుద్ధం. ఎస్సీ, ఎస్టీల విషయంలో అయితే అట్రాసిటీ కేసు కూడా అవుతుంది.

పట్టుబడిన వాళ్లు మర్నాడే మళ్లీ బజారులో కనిపిస్తే పోలీసులు అమ్ముడుపోయారని అనుకోకండి. ఏడేళ్ల దాకా శిక్ష ఉన్న నేరాల్లో కారణాలు రాయకుండా అరెస్టు చేయకూడదు, నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి పిలవాలి. 2014 నుంచి సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్తోంది. నోటీసు ఇచ్చినంత మాత్రాన కేసు పోయినట్టు కాదు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో మీకు చెప్పాల్సిన బాధ్యత పోలీసుల మీద ఉంది. అడగండి. సరుకు దొరికితే, కేసు ముగిసేదాకా అది ఠాణాలో పురుగు పట్టాల్సిన పనిలేదు. ఫొటోలు తీయించి మీకు అప్పగించమని కోర్టులో దరఖాస్తు వేయొచ్చు.

‘పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) పెట్టించండి’ అని మీ వాళ్లు అంటుంటారు. షాపు దొంగతనాలకు అది సరైన దారి కాదు. తెలంగాణలో ఆ చట్టాన్ని ఇష్టం వచ్చినట్టు వాడుతున్నారని సుప్రీంకోర్టు 2023లో గట్టిగానే మందలించింది. అలవాటుగా దొంగతనం చేసేవాళ్లకు నాగరిక్ సురక్షా సంహితలో 129వ సెక్షన్ ఉంది, మన పేపర్లలో రోజూ చూసే ‘బైండోవర్’ ఇదే. సత్ప్రవర్తనతో ఉంటామని మూడేళ్ల దాకా బాండు రాయిస్తారు. దానికీ పాత కేసుల రికార్డే ఆధారం, అందుకే మొదట చెప్పిన మూడు ఫిర్యాదులు.

గల్లీ విషయంలో మీ బాధ న్యాయమైనదే. 2016లో స్మార్ట్ సిటీ జాబితాలోకి వచ్చినప్పటి నుంచి మన ఊరి రోడ్లు, కూడళ్లు మారుతున్నాయి. మారాల్సిందే. కానీ మిర్చి బజ్జీల బండి, పూల గంప, చెప్పులు కుట్టే పెద్దాయన వెళ్లిపోతే, గల్లీని రాత్రి పది దాకా కాపలా కాసే కళ్లు కూడా వెళ్లిపోతాయి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం 30 రోజుల నోటీసు లేకుండా వాళ్లను తీసేయకూడదు. ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించడంలో టౌన్ వెండింగ్ కమిటీ మాట వినాలి. వాళ్లతో కలిసి మీ అసోసియేషన్ తరఫున మహానగర పాలక సంస్థ కమిషనర్‌కు ఒక్క పేజీ దరఖాస్తు రాయండి. వెలగని స్తంభాల నంబర్లు, రాత్రి ఎనిమిదిన్నరకు తీసిన ఫొటోలు జతచేయండి. ఒక కాపీ సోమవారం ప్రజావాణిలో ఇచ్చి, రసీదు తీసుకోండి. పెట్రోలింగ్ ఏ సమయంలో కావాలో ఇంకో కాగితం మీద రాసి ఏసీపీ ఆఫీసులో ఇవ్వండి, మూడు దొంగతనాలు జరిగిన తేదీలు, టైములు అందులో వేయండి. అవన్నీ సాయంత్రం ఒకే వేళకు జరిగి ఉంటే, బ్లూ కోల్ట్స్ (పోలీసు గస్తీ) బండి ఎప్పుడు రావాలో ఆ కాగితమే చెప్తుంది.